లిఫ్ట్ కన్నా ముందు టైరు సంగతి తేల్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్‌రోడ్ బండ్ల ఎత్తు పెంచుకోవడం గురించి మీ మోటారు పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. ఇలాంటి విషయానికి పత్రికలో అంత చోటు ఇచ్చినందుకు సంతోషం కూడా కలిగింది. కానీ అందులో ముందు పెద్ద లిఫ్ట్ (బండిని పైకి లేపే ఏర్పాటు) వేయించుకుని, ఆ తర్వాత అందులో పట్టినంత పెద్ద టైరు వేసుకోమన్న అర్థం వచ్చే సలహా ఒకటి ఉంది. నేను సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పనులు చేసే మెకానిక్‌ని. ఆ వరసలో పని చేయించుకున్న బండ్లు చివరికి మా దగ్గరికే వస్తాయి. స్టీరింగ్ నిలవడం లేదని ఒకరు, టైరు ఒకపక్కే అరిగిపోతోందని ఇంకొకరు, యాక్సిలరేటర్ తొక్కితే కిందనుంచి వణుకు వస్తోందని మరొకరు. ఆ సలహా నమ్మి మీ పాఠకులు డబ్బు తగలేసుకోకూడదని, అంతకన్నా ముఖ్యంగా ప్రమాదంలో పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండు చక్రాలనూ ఒకే ఇరుసు హౌసింగ్ కలిపే బండి సంగతి ముందు చూద్దాం. అందులో సస్పెన్షన్ లిఫ్ట్ వేస్తే పైకి లేచేది చాసిస్, దాని మీదున్న బాడీ. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) కూడా నేలకు మునుపటి దూరంలోనే ఉంటుంది. ఆరంగుళాల లిఫ్ట్ వేసినా దారిలో రాయికి ముందుగా తగిలేది ఆ డిఫరెన్షియలే. మామూలు ఇరుసుల్లో దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న బండ్లలో డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో పాటు అదీ లేస్తుంది. కానీ చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్మ్‌ల చివరలు చక్రం దగ్గరే ఉండిపోతాయి.

అలాగని లిఫ్ట్ పనికిరాదని కాదు. బండి పొట్ట లేస్తుంది. ముందు బంపరు గట్టుకు తగలకుండా ఎక్కే కోణం, వెనక దిగే కోణం, గుట్ట అంచు మీద మధ్యభాగం ఆనకుండా దాటే కోణం పెరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా పెద్ద టైరు ఆడడానికి వీల్ ఆర్చ్‌లో చోటు దొరుకుతుంది. అంటే ఎంత లిఫ్ట్ కావాలన్నది టైరును బట్టి తేలాలి. టైరు తేల్చుకోకుండా లిఫ్ట్ కిట్‌కు ఆర్డరు ఇవ్వడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

టైరు కొలతను ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. 245/75 ఆర్ 16 అని రాసి ఉంటే, వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. రెండు పక్కగోడలు, రిమ్ము కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 774 మిల్లీమీటర్లు. దాని బదులు 265/75 ఆర్ 16 వేస్తే 804. ఇంకా పైకి వెళ్లి 285/75 ఆర్ 16 వేస్తే 834, అంటే దాదాపు 33 అంగుళాలు. ఇక్కడ గమనించాల్సింది, ఇరుసు లేచేది ఈ తేడాలో సగమే. 30 మిల్లీమీటర్లు పెద్ద టైరు వేస్తే డిఫరెన్షియల్ కింద దొరికేది 15. 60 పెద్దది వేస్తే 30. ఆ 30 మిల్లీమీటర్ల కోసం బండిలో ఏమేం మారుతాయో కొనేవాళ్లకు ముందే తెలియాలి.

మొదట గేర్లు. 774 నుంచి 834కి వెళ్తే చక్రం చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరుగుతుంది. ఇంజిన్ అదే, గేరుపెట్టె అదే, చక్రం మాత్రం పెద్దది. ఫలితంగా ప్రతి గేరూ కాస్త పై గేరులా పనిచేస్తుంది. చదునైన రోడ్డు మీద ఇది అంతగా తెలియదు. రాళ్ల మీద నెమ్మదిగా పాకించాల్సిన చోట, నిలువెత్తు ఎక్కుడులో, బరువు మీద ఉన్నప్పుడు తెలుస్తుంది. క్లచ్ వాసన వస్తుంది, లేదా ఆటోమేటిక్ గేరుపెట్టె కాగిపోతుంది. స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది. ముల్లు 100 దగ్గర ఉన్నప్పుడు బండి నిజంగా పోయేది దాదాపు 108. మునుపటి లాగుడు మళ్లీ రావాలంటే డిఫరెన్షియల్‌లో పినియన్, క్రౌన్ వీల్ మార్చాలి. ఉదాహరణకు 3.73 నిష్పత్తి ఉన్నచోట 4.10 వేస్తే దాదాపు పాత స్థితికి వస్తుంది. ఫోర్ వీల్ బండిలో ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తికి మార్చాల్సిందే. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి.

తర్వాత బ్రేకులు. డిస్కు, ప్యాడ్లు పాతవే ఉంటాయి, చక్రం వ్యాసార్థం పెరుగుతుంది. పెడల్ మీద అంతే బలం వేస్తే నేల దగ్గర బండిని ఆపే బలం తగ్గుతుంది. దానికి తోడు టైరు బరువు. చిన్న రోడ్డు టైరుకూ, గట్టి పక్కగోడలున్న పెద్ద మడ్ టైరుకూ మధ్య ఒక్కో చక్రానికి పది కిలోల దాకా తేడా ఉండొచ్చు. ఆ బరువు తిరిగే బరువు, స్ప్రింగుకు కింద ఉండే బరువు. బేరింగులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ చివరలు, షాక్ అబ్జార్బర్లు దాన్ని రోజూ మోయాలి. నేలకు కొట్టుకునే ప్రతి దెబ్బలోనూ అది తెలుస్తుంది.

అందువల్ల నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఎత్తు గురించి కాదు. బండి ఎక్కడ తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది అని అడుగుతాను. తొంభై వంతులు తారు రోడ్డు మీదే తిరిగే బండికి మడ్ టైరు వేస్తే చప్పుడు భరించడం ఒక ఎత్తు, తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఎక్కువ దూరం జారడం ఇంకో ఎత్తు. పెద్ద పెద్ద గడ్డలుగా ఉండే ఆ ట్రెడ్‌లో నేలను తాకే రబ్బరే తక్కువ. అలాంటివాళ్లకు ఆల్ టెరైన్ టైరు చాలు. జిగట బురదలో నిత్యం దిగాల్సిన పని ఉన్నవాళ్లకు మడ్ టైరు కావాలి, ఆ గడ్డల మధ్య సందుల్లోంచే బురద బయటికి ఊడిపడుతుంది. ఇసుక దారి వేరే. అక్కడ పదునైన ట్రెడ్ ఇసుకను తవ్వి చక్రాన్ని గొయ్యిలోకి దించుతుంది. తక్కువ గాలి ఉన్న మెత్తటి టైరు ఇసుక మీద పరుచుకుని తేలిపోతుంది.

గాలి గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉన్న టైరును కచ్చా దారిలో 20కి, ఇసుకలో 18కి దించితే టైరు నేలను పట్టే భాగం పొడవుగా సాగుతుంది. రాయి అంచుకు పక్కగోడ వంగి అతుక్కుంటుంది. కొత్త టైర్ల ఖర్చు పెట్టకముందే ఈ పని చేసి చూస్తే చాలామందికి ఉన్న టైరే సరిపోతుందని తెలుస్తుంది. ఇందుకు కావాల్సింది నమ్మకమైన గాలి గేజి, మళ్లీ గాలి పట్టించే చిన్న కంప్రెసర్. మామూలు రిమ్ములతో 15 కన్నా కిందికి వెళ్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి పగులుతుంది. పెద్ద రిమ్ముల వ్యామోహం వద్దని చెప్పేది కూడా ఇందుకే. మొత్తం ఎత్తు అంతే ఉండి రిమ్ము పెరిగితే పక్కగోడ తగ్గుతుంది, గాలి దించినప్పుడు వంగడానికి చోటే ఉండదు. బ్రేకులకు తగలకుండా ఉన్నంతవరకు చిన్న రిమ్మే మేలు.

టైరు పక్కగోడ మీద కొలత పక్కనే ఉండే సంఖ్య కూడా చదవాలి. 109 అంటే ఆ టైరు మోయగలిగేది 1030 కిలోలు, 112 అంటే 1120. కంపెనీ ఇచ్చిన దానికన్నా తక్కువ సంఖ్య ఉన్న టైరు ఎంత అందంగా ఉన్నా వేయకూడదు. లైట్ ట్రక్ రకం టైరు వేసినవాళ్లు తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న గాలినే పట్టిస్తుంటారు. అదే బరువు మోయడానికి ఆ రకానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. టైరు తయారీదారు ఇచ్చే బరువు, గాలి పట్టిక చూసుకోవాలి. స్టెప్నీ కూడా అదే కొలతది ఉండాలి. చిన్న స్టెప్నీ బిగించి ఫోర్ వీల్‌లో నడిపితే డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) రెండూ దెబ్బతింటాయి. పెద్ద స్టెప్నీ వెనక తలుపుకు తగిలిస్తే ఆ తలుపు కీళ్లు మోయగలవో లేదో చూడాలి.

టైరు తేలిందనుకుందాం. ఇప్పుడు లిఫ్ట్.

లిఫ్ట్ అన్నీ ఒకటి కావు. బాడీ లిఫ్ట్ అంటే చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. టైరుకు చోటు దొరుకుతుంది, చాసిస్ మాత్రం ఒక్క మిల్లీమీటరు లేవదు. స్పేసర్ లిఫ్ట్ అంటే పాత స్ప్రింగు మీదో, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండేది) మీదో గిన్నెలాంటి ముక్క పెట్టడం. తక్కువలో అయిపోతుంది కాబట్టి ఎక్కువమంది దీనికే మొగ్గుతారు. కమాన్ పట్టీలున్న బండికి ఇరుసుకూ పట్టీలకూ మధ్య దిమ్మ పెడతారు. వెనక అయితే చిన్న దిమ్మ వరకు ఫర్వాలేదు, ఎత్తు పెరిగేకొద్దీ ఇరుసు మెలితిరుగుతుంది. ముందు ఇరుసుకు దిమ్మ ఎప్పుడూ పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు ఆ బలమంతా దిమ్మ మీద పడి అది జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు. పొడవైన షాకిల్ (పట్టీ చివరను చాసిస్‌కు కలిపే లింకు) వేస్తే దాని అదనపు పొడవులో సగమే ఎత్తు వస్తుంది. టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బోల్టు తిప్పి లేపడం కూడా చూస్తుంటాను. అందులో కొత్తగా వచ్చే కదలిక ఏమీ లేదు, ఉన్నదాన్ని ఒకవైపు నుంచి తీసి మరోవైపు పెట్టడమే.

ఈ చివరి మాట కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం ఇక్కడే ఉంది. చక్రం పైకి 100, కిందికి 100 మిల్లీమీటర్లు కదిలే బండి ఉందనుకోండి. పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి స్ప్రింగు మాత్రం 50 మిల్లీమీటర్లు పొడవుది వేస్తే, నిలబడి ఉన్నప్పుడే షాక్ 50 మిల్లీమీటర్లు సాగిపోయి ఉంటుంది. ఇక చక్రం కిందికి దిగగలిగేది మిగిలిన 50 మాత్రమే. గుంతలోకి దిగాల్సిన చక్రం దిగదు, గాల్లో తేలుతుంది. ఎత్తు పెరిగింది, దారిని పట్టే శక్తి తగ్గింది. రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ షాక్ చివరికంటా సాగి ఠక్‌మని కొట్టుకుంటుంది కూడా. అందుకే మంచి కిట్‌లో స్ప్రింగుతో పాటు దానికి తగిన పొడవైన షాక్ అబ్జార్బర్లు, పొడవైన బ్రేకు గొట్టాలు, ఎత్తు పెంచిన బంప్ స్టాపులు ఉంటాయి. బంప్ స్టాప్ చిన్న రబ్బరు ముక్కే, కానీ పెద్ద టైరు పూర్తిగా పైకి లేచినప్పుడు మడ్‌గార్డును కోసుకోకుండా ఆపేది అదే.

స్ప్రింగు ఎంపికలో ఎత్తు కన్నా బరువు ముఖ్యం. ముందు ఇనుప బంపరు, వించ్ ఉన్నాయా? పైన ర్యాక్ మీద సామాను ఎప్పుడూ ఉంటుందా, సెలవుల్లో మాత్రమేనా? ఎప్పుడూ మోసే బరువుకు తగిన స్ప్రింగు వేయాలి. ఎప్పుడో ఒకసారి మోసే 300 కిలోల కోసం గట్టి స్ప్రింగు వేయించుకుంటే మిగతా రోజులన్నీ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు.

ఈమధ్య ఒకతను ముందు విడివిడి సస్పెన్షన్ ఉన్న బండి తెచ్చాడు. స్ట్రట్ మీద మందపాటి స్పేసర్లు వేశారు, కంపెనీ మొహం ఎరగని టైర్లు బిగించారు. ర్యాంపు మీద పెట్టి చూస్తే ముందు చక్రం లోపలివైపు రిమ్మంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. యాక్సిల్ సీవీ జాయింట్‌ను (యాక్సిల్ వంగినా తిరుగుతూ ఉండేలా చేసే కీలు) కప్పే రబ్బరు బూటు మడతల దగ్గర చీలింది. చక్రం కిందికి దిగినప్పుడు యాక్సిల్ మరీ ఏటవాలుగా వంగి, తిరిగే ప్రతిసారీ బూటు మడతలు ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. పై బాల్ జాయింట్ దాని గిన్నె అంచుకు ఆనుకుని ఉంది, లోహం మీద కొత్తగా పడిన మెరుపు గీత కనిపిస్తోంది. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సరిచేద్దామంటే సర్దుబాటు బోల్టు చివరికంటా తిప్పి ఉంది, ఇక తిరగదు. అతను చెప్పిన కంప్లైంటు మాత్రం టైరు లోపలి అంచు అరిగిందని, అంతే. ఇలాంటి సస్పెన్షన్‌కు 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం మంచిది. అక్కడ కూడా పొడవు, కోణం సరిచేసిన పై ఆర్మ్‌లు వేసుకుంటేనే అలైన్‌మెంట్ కుదురుతుంది.

ఒకే ఇరుసు ముందున్న బండ్లలో ఇబ్బంది వేరేగా వస్తుంది. బండి లేచేకొద్దీ ఇరుసు ముందుకు తిరిగి క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి వచ్చేది ఈ క్యాస్టర్ వల్లే. అది తగ్గితే తిన్నని రోడ్డు మీద కూడా బండిని పట్టి ఉంచుతూనే ఉండాలి. ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ కూడా ఏటవాలుగా మారి ఇరుసును ఒకపక్కకు లాగుతుంది. 800 మిల్లీమీటర్ల రాడ్ రెండు చివరల మధ్య ఎత్తు తేడా 100 నుంచి 150కి పెరిగితే ఇరుసు దాదాపు 8 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. సర్దుబాటు చేసుకునే రాడ్, క్యాస్టర్ సరిచేసే ఆర్మ్‌లు అందుకే ఉన్నాయి. వీటిని వదిలేసిన బండిలో బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) కాస్త అరిగి, పాన్‌హార్డ్ బోల్టు కాస్త వదులై, పెద్ద టైర్ల బ్యాలెన్సు కాస్త తప్పిందంటే, చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ గడగడా ఊగిపోతాయి. స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు అవుతుంది. ఆ టెన్షన్ ఒకసారి అనుభవించినవాళ్లు మర్చిపోలేరు. దానికి మందుగా గట్టి స్టీరింగ్ డ్యాంపర్ అమ్ముతారు. అది జబ్బును కప్పిపెడుతుంది తప్ప తగ్గించదు. వెనక ఇరుసుకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగితే క్రాస్ జాయింట్ల దగ్గర వణుకు పుడుతుంది, దాన్నీ కొలిచి సరిచేయాలి.

బోల్తా పడే ప్రమాదం గురించి కూడా రాయాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాహనాల బోల్తా ప్రమాదాన్ని లెక్కకట్టడానికి వాడే కొలత ఒకటుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తారు. చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 700 ఎత్తులో ఉన్న బండికి అది 1.07 వస్తుంది. లిఫ్ట్, టైరు కలిసి ఆ కేంద్రాన్ని 75 మిల్లీమీటర్లు లేపితే 0.97కి పడిపోతుంది. పైన ర్యాక్ మీద సామాను పెడితే ఇంకా తగ్గుతుంది. మలుపులో ఎదురుగా ఏదో అడ్డొచ్చి స్టీరింగ్ ఒక్కసారి కొట్టాల్సి వచ్చినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. వెడల్పు పెంచుదామని చక్రాలకు లావాటి స్పేసర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తే వీల్ బేరింగుల మీద భారం పడుతుంది, టైరు వీల్ ఆర్చ్ అంచుకు తగులుతుంది. దానికీ హద్దు ఉంది.

పని అయ్యాక చూసుకోవాల్సినవి కూడా కాస్త చెప్తాను. ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, చక్రం నడిమి నుంచి ఆర్చ్ అంచు వరకు, పనికి ముందూ తర్వాతా, నాలుగు చక్రాల దగ్గరా. నేల నుంచి కొలిస్తే టైరు ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదకి ఎక్కించి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడ రాసుకుంటుందో చూడాలి. రివర్సులో కూడా చూడాలి. చదును నేల మీద రాసుకోలేదని సంబరపడితే మొదటి గుంతలోనే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ ఊడొస్తుంది. అదే ర్యాంపు మీద బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకుంటున్నాయేమో చేత్తో తడిమి చూడాలి. అలైన్‌మెంట్ చేయించి ముందు, తర్వాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోవాలి. స్టీరింగ్ సెన్సరు సున్నా చేయించాలి, హెడ్‌లైట్లు కిందికి దించాలి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. అద్దం వెనక కెమెరా ఉన్న బండి అయితే దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. కొన్నాళ్లు తిప్పాక యు బోల్టులు, ఆర్మ్ బోల్టులు అన్నీ టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. బుష్ ఉన్న బోల్టును బండి నేల మీద దాని బరువుతో నిలబడి ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలికపడి త్వరగా చిరుగుతుంది. తమ ప్రాంతపు రవాణా నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో పని మొదలుపెట్టకముందే తెలుసుకుని, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా చెప్పి ఉంచాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకావిడ పక్షుల ఫొటోల కోసం అడవి దారుల్లో తిరుగుతుంది. ఒక్క సైజు పెద్ద ఆల్ టెరైన్ టైర్లు, తన సామాను బరువుకు సరిపడా స్ప్రింగులు, మంచి షాక్‌లు, ఒక కంప్రెసర్, ఇంతే పెట్టుకుంది. లిఫ్ట్ వచ్చింది 40 మిల్లీమీటర్లు, అదీ టైరు రాసుకోకుండా ఉండేందుకే. ఫొటో తీస్తే మీ పేజీకి ఎక్కే బండి కాకపోవచ్చు. ఆమె మాత్రం వెళ్లాలనుకున్న చోటికి వెళ్లి వస్తోంది, టైర్లు నాలుగూ సమానంగా అరుగుతున్నాయి.

మీకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ఇలాంటి బండి ఫొటో వేసినప్పుడు దాని కింద లిఫ్ట్ ఎంతో రాసినట్టే పాత టైరు, కొత్త టైరు కొలతలు, లోడ్ సంఖ్య, డిఫరెన్షియల్ నిష్పత్తి, మార్చిన ఆర్మ్‌లు, షాక్‌లు, పని తర్వాత వచ్చిన క్యాస్టర్, క్యాంబర్ కూడా వేయండి. ఆ వివరాలు యజమాని చెప్పలేకపోతే ఆ బండిని ఆదర్శంగా చూపించకండి. మీరు వీలు కల్పిస్తే ర్యాంపు మీద టైరు ఎలా పరీక్షించాలో ఫొటోలతో సహా రాసి పంపడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక అలైన్‌మెంట్ మెకానిక్